ఆల్ప్స్ కొండల్లో మా అత్త చుక్కకూర

మొన్న మంగళవారం పొద్దున కోదాడ నుంచి చెల్లెలు ఫోను చేసింది. “అన్నా, అత్త పోయింది. లేసింది, చాయ్ తాగింది. రాత్రి కూరల ఉప్పెక్కువైందని నన్ను తిట్టింది. గోడకానుకొని కూసున్నది, గట్లనే పోయింది” అన్నది. ఏడుస్తూనే నవ్వింది. ఇవతల నేనూ నవ్వాను. మా మేనత్తకు తొంభై దాటాయి.

నాకు రాయడం పెద్దగా రాదు. ఊరి బడిలో నాలుగో తరగతి దాకా చదివాను. మాట్లాడడం అంతకంటే రాదు. సమాధి దగ్గర ప్రార్థనప్పుడు నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను, మళ్లీ కూర్చున్నాను. అప్పుడు చెప్పలేకపోయినవే ఇవి.

అత్తను ఎరిగినవాళ్లు మిర్యాలగూడలో చాలామంది ఉన్నారు. అక్కడ ఒక హాస్టల్లో ముప్పై ఏళ్లు వంట చేసింది. ఏ పిల్లవాడైనా ఏడుస్తూ వస్తే “ముందుగాల తిను, తిన్నంక ఏడువు” అనేది. తిన్నాక ఎవరూ ఏడ్చేవారు కాదు. కానీ ఆమె ఒక ఏడాది స్విట్జర్లాండులో ఉండి వచ్చిందని వాళ్లలో ఎందరికి తెలుసో! ఆమె చెబితే నమ్మేవారు కాదు. నేను చెప్పేవాణ్ణి కాదు.

పోలీసు చర్య అయిన మరుసటి ఏటి మాట. సూర్యాపేట దగ్గర ఒక చిన్న మిషన్ దవాఖానలో అత్త వంటమనిషి. అక్కడి డాక్టరమ్మది ఆ దేశమే. తెలుగు చక్కగా మాట్లాడేది. నాకు పంతొమ్మిదేళ్లు. ఊపిరితిత్తుల జబ్బు చేసి, ఆమె మందులతో నయమైంది కానీ ఒళ్లు రాలేదు. మిషన్ వాళ్లకు కొన్నేళ్లకొకసారి ఏడాది సెలవు ఉంటుంది. డాక్టరమ్మ ఆ సెలవుకు సొంత ఊరు పోతూ, కొండగాలికి నేను కోలుకుంటానని నన్నూ, నాకు తోడుగా అత్తనూ తీసుకుపోయింది.

“సెలవంటే ఆడ ఏం పని జెయ్యాలె అమ్మా?” ఓడలో అత్త అడిగింది.

“ఏమీ చేయకూడదు.”

“ఏడాదంతనా?”

రజాకార్లు ఊరి మీద పడ్డప్పుడు కూడా అత్త ముఖంలో అంత భయం నేను చూడలేదు.

ఆ ఊళ్లో ముప్పై ఇళ్లుంటాయేమో. అన్నీ కొయ్య ఇళ్లు. కింద ఆవులు, పైన మనుషులు. ఆవుల మెడగంటలు, చర్చి గంట తప్ప ఇంకో చప్పుడు ఉండదు. అంత చిన్న ఊరికి ఏడాది పొడుగునా పట్నాల నుంచి సెలవులకు వచ్చేవాళ్లు. ఎండాకాలం కొండలెక్కేవాళ్లు. చలికాలం కాళ్లకు చెక్కలు కట్టుకొని మంచు మీద జారేవాళ్లు. మేం పోయింది మంచు రోజుల్లోనే. అత్త కిటికీ దగ్గర కూర్చుని వాళ్లను చూసేది.

“పైకెక్కుతరు, కిందికి జారుతరు, మల్ల ఎక్కుతరు. పైన ఏమన్న మరిచిపోయిన్రా అమ్మా?”

డాక్టరమ్మ ఆ మాట తన తల్లికి వాళ్ల భాషలో చెప్పింది. ఆ ముసలామె నవ్వి నవ్వి, ఊరంతా తిరిగి చెప్పి వచ్చింది.

ఏ పనీ చేయకుండా ఉండడం అత్తకు నాలుగు రోజులే చేతనైంది. ఐదో రోజు పొద్దున్నే పోయి ఆవుల కింద పేడ తీసింది.

నాకు మాత్రం తిండి లోపలికి పోలేదు. పాలు, వెన్న, రొట్టె, జున్నులాంటి ఒక గట్టి ముక్క. అన్నీ మంచివే. కానీ అన్నింటికీ పాలవాసనే. మేం తీసుకుపోయిన చింతపండు, మిరపకాయలు రెండు నెలల్లో అయిపోయాయి. మూడు ముద్దలు తిని ముఖం తిప్పుకునేవాణ్ణి. కొయ్యగోడ కదా, ఒకనాడు పక్కగదిలో డాక్టరమ్మ అత్తతో అంటున్న మాట నాకు వినపడింది. “ఈ ఎండాకాలంలో వీడికి ఒళ్లు రావాలి. రాకపోతే వచ్చే చలికి ఆగలేడు.”

వెంటనే అత్త ఊడ్చిన ఇల్లే మళ్లీ ఊడుస్తున్న చప్పుడు వినపడింది.

జూన్ వచ్చేసరికి కొండవాలు నిండా నడుమెత్తు గడ్డి, గడ్డి నిండా పూలు. కిటికీలోంచి చూస్తున్న అత్త ఒక్కసారిగా లేచింది.

“ఒరే, గా ఎర్రకంకులు సూడు. సుక్కకూర తీరు లేదూ?”

నేను కంచె దగ్గరికి పోయేసరికే ఆమె కొంగు బిగించి గడ్డి నడుమకు పోయింది. ఒక ఆకు తెంపి నమిలింది. పులుపుకు ఒక కన్ను మూసి, నా వైపు చేయి ఊపింది. ఇక రెండు చేతులా తెంపి ఒడి నింపుకోసాగింది.

అంతలో పక్కింటి ముసలి రైతు అరుచుకుంటూ వచ్చాడు. ఆ గడ్డి ఆయనదే. వాళ్ల భాషలో నేను నాలుగు మాటలు నేర్చుకున్నాను కానీ, ఆ వేళకు ఒక్కటీ నోటికి రాలేదు. అత్త తెలుగులోనే జవాబిచ్చింది.

“ఎందుకయ్యా గట్ల ఒర్రుతవు? నీ గడ్డి నాకెందుకు? పిలగాడు తింటలేడు, ఇంత ఆకు తెంపుకుంటున్న.”

ఆయన ఆమె వెనక్కి వేలు చూపాడు. అత్త తిరిగి చూసింది. తను నడిచి వచ్చిన మేర గడ్డి నేలకు ఒరిగి ఉంది.

కోతకు ముందు అక్కడ ఎవరూ గడ్డిలో అడుగు పెట్టరు. ఆ గడ్డే చలికాలమంతా ఆవులకు మేత. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి కాబట్టి, మాకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

“అయ్యో, పండిన చేన్ల నడిస్తి గదరా!” అన్నది అత్త. “మన వరిల ఎవడన్న గిట్ల నడిస్తే నేనూకుంటనా? కట్టె వట్టుకొని ఉరుకనా?” కూలబడి, ఒరిగిన గడ్డిని చేతులతో లేపి నిలబెట్టబోయింది. అది నిలబడలేదు. ముసలాయన అరవడం ఆపి ఆమెనే చూశాడు.

డాక్టరమ్మ పరుగున వచ్చి ఇద్దరి మాటా విన్నది. “ఒరిగిన గడ్డి వాళ్ల పొడుగు కొడవలికి అందదట. చేత్తో కోయాలి. రేపు వస్తావా అని అడుగుతున్నాడు.”

“కొడవలి ఇస్తే ఇప్పుడే వస్తనని చెప్పమ్మా.”

ఒడిలో ఆకును మాత్రం ఆయన పారేయమనలేదు. ఆ మధ్యాహ్నం అత్త దాన్ని అక్కడ దొరికే పప్పులో వేసింది. మిరపకాయలు లేవు కాబట్టి మిరియాలు దంచింది. వెన్న కాచి, వెల్లుల్లితో పోపు పెట్టింది. ఆ వాసనకే నా నోట్లో నీళ్లూరాయి. అన్నంలో కలిపి పెట్టింది. తిన్నాను. పళ్లెం ఖాళీ అయింది.

“ఇంకింత ఎయ్యత్తా” అన్నాను.

ఆమె వెంటనే వేయలేదు. పొయ్యి వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకున్నది. “మా పిలగానికి నోరొచ్చింది” అన్నది.

మర్నాడు అత్త గొంతుక్కూర్చుని, మా ఊళ్లో వరి కోసినట్టే, కోసుకుంటూ పోతుంటే పొడుగు కొడవళ్ల వాళ్లంతా పని ఆపి చూశారు. ఆనాటి నుంచి ముసలాయన రోజూ పొద్దున కంచె వెంబడి ఆకు తెంపి మా గడప మీద పెట్టేవాడు. ఒకసారి అత్త పప్పు రుచి చూశాడు. మిరియాల ఘాటుకు కళ్లు తుడుచుకొని, గిన్నె మళ్లీ చాపాడు. “గీయన మనోడే” అన్నది అత్త.

వచ్చిన చలికి నేను ఆగాను. చెక్కలు కట్టుకొని జారాను, పడ్డాను కూడా. ఆ తర్వాత ఇంత బతుకు బతికాను. ముగ్గురు పిల్లలు, ఐదుగురు మనవలు. వీళ్లలో ఎవరిని చూసినా నాకు ఆ పప్పు గుర్తుకొస్తుంది.

అత్త అనగానే మాత్రం నా కళ్ల ముందు నిలిచేది గడ్డి లోపలికి చేర్చిన రోజు. అప్పటికి నా ఒంట్లోకి కాస్త సత్తువ వచ్చింది. మొదటిసారి ఒక మోపు వీపున వేసుకొని, చెక్కమెట్లెక్కి గడ్డికొట్టంలోకి పోయాను. లోపల గడ్డి పట్టాలంటే అణిగేలా తొక్కాలి. ఆ పని అత్తకు ఇచ్చారు. పలకల సందుల్లోంచి పడే ఎండలో, మోకాళ్ల దాకా గడ్డిలో, చీర నిండా ఎండిన పూలతో ఆమె ఎగిరెగిరి తొక్కుతున్నది.

“ఒరే, ఈడ ఎంతన్న తొక్కొచ్చునంటరా!” అని నవ్వుతున్నది. నేను మోపు దించడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.