పెద్దమ్మకు చావులేదు

"మూడు ప్రాణాలు ఏ మూలకిరా? అంతులేకుండా పెట్టేస్తా," అంది దర్జీ పని చేసే పిన్ని, లినక్స్ కంప్యూటర్‌లో పాత ఆటలు ఆడించే ఎమ్యులేటర్ తెరుస్తూ. పాత వీడియోగేమ్‌లో ఏడు ఆదివారాలుగా తన అక్క, అంటే మా పెద్దమ్మ చేతిలో ఓడిపోతోంది. కొలతల పుస్తకంలో రాసుకున్న, ప్రాణాలు తరగకుండా చేసే చీట్ కోడ్‌ను, ఒక్కో అక్షరం కింద సుద్దముక్క ఆనించి, పెదవులు కదుపుతూ కొట్టింది. పెద్దక్షరం, చిన్నక్షరం తారుమారైతే లినక్స్ ఊరుకోదని ఆ కోడ్ దాచే ఫైలు పేరు మూడుసార్లు దిద్దింది. ఆట మొదలైంది. పెద్దమ్మ బొమ్మ గోతిలో పడ్డా లేచింది, మంటల్లో దూకినా లేచింది. పిన్ని బొమ్మ మూడు దెబ్బలకే పోయింది. ఆ కోడ్ పనిచేసేది ఒకటో నంబరు ఆటగాడికే. పెద్దరికం కొద్దీ ఆ నంబరు ఎప్పుడూ పెద్దమ్మదే.

"ఇవాళ నా చెయ్యి భలే తిరిగిందే," అని పెద్దమ్మ మురిసిపోయింది.

పిన్ని నా చెవిలో గొణిగింది: "అక్కని బాల్కనీలోకి తీసుకెళ్లి, ఎలా గెలిచావో చెప్పమను. అరగంట ఆపదు. ఈలోగా కోడ్ మార్చేస్తా."