పాపిరస్‌కు పెట్టిన బొట్టు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో మా మ్యూజియం ఒకటుందని పక్క షెడ్డు వాళ్లకే తెలియదు. ఒకప్పుడు అట్టపెట్టెలు చేసిన షెడ్డు అది. కాగితం మిల్లులో ఇంజనీరుగా చేసి రిటైరైన కోస్తా పెద్దాయన ఒకరు దాన్ని కిరాయికి తీసుకుని తాటాకులు, గుడ్డపీలికలతో చేసిన కాగితం, గుజ్జు దంచే రోలు, జల్లెడ చట్రాలు తెచ్చి పెట్టారు. నేను బొల్లారంలో మందుల కంపెనీ షిఫ్టులు మానేసి అక్కడ చేరాను. బడిపిల్లలు వస్తే చూపించడం, రాని రోజుల్లో కూర్చోవడం నా పని. రెండోదే ఎక్కువ.

సార్‌కు అసలు పిచ్చి పాపిరస్. ఈజిప్టు వాళ్లు పూర్వం దేని మీద రాసుకున్నారో ఆ గడ్డినే షెడ్డు ముందు సిమెంటు తొట్టిలో పెంచారు. బోరు నీళ్లు పోస్తే కొసలు మాడిపోయేవి. మంజీరా నీళ్లు పట్టి పోయడం మొదలుపెట్టాక మనిషెత్తు లేచింది. కాడ పైతోలు తీసి, లోపలి తెల్లటి బెండును పీలికలుగా కోసి, నానబెట్టి, నిలువుగా ఒక వరస, అడ్డంగా ఒక వరస పరిచి ప్రెస్సులో బిగించాలి. కాడలోని జిగురే అంటిస్తుంది. చెప్పడానికి ఇంతే. సార్ చేసినవి కొన్ని నల్లబడ్డాయి, కొన్ని బూజుపట్టాయి. బాగున్నాయనుకున్నవాటి మీద సిరా పెడితే నలువైపులా పాకిపోయింది. "ఇది కాగితం కాదయ్యా, ఎండుగడ్డి," అని ఆయనే తీసి పారేసేవారు.

చివరికి తేనెరంగులో ఒకటి కుదిరింది. అప్పటికే ఆయన చేతులు వణుకుతున్నాయి. మరొకటి చేయడం ఇక తన వల్ల కాదని ఆయనకు తెలుసు. ఇదైనా సిరా నిలుపుతుందా లేదా అని ప్రాణం కొట్టుకునేది. పెట్టి చూస్తే, పాకితే, ఉన్నదొక్కటీ పోతుంది. అందుకని గాజుపెట్టెలో పెట్టి, రోజూ వచ్చి చూసి వెళ్లిపోయేవారు. ఒక్క చుక్క పెడితే తేలిపోయేదానికి ఇంత నాన్చుడేమిటని నాకు విసుగొచ్చేది.

దసరాకు ఆయుధపూజ వచ్చింది. ఆ రోజు మా వాడలో బొట్టు పడని వస్తువుండదు. కంపెనీ బస్సుకు, ఫోర్క్‌లిఫ్టుకు, ఆఖరికి టీ మిషనుకు కూడా పడుతుంది. షెడ్డు ఊడ్చే అక్కది అమ్మవారి గుడి ఉన్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట పక్క ఊరు, పూజలన్నీ ఆమెకు తెలుసు. పూజ సంగతి ఆమెకే వదిలి నేను నిమ్మకాయలకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి రోలుకు, చట్రాలకు, ప్రెస్సుకు పసుపూ కుంకుమా ఉన్నాయి. గాజుపెట్టె మూత తెరిచి ఉంది. పాపిరస్ నడుమ ఎర్రటి బొట్టు.

"అక్కా, గిదేం పని? దాన్ని ముట్టొద్దని చెప్పిన గద!"

"అన్నిటికి పెట్టి దీనొక్కదానికి పెట్టకుంటే ఎట్ల తమ్మీ? బోసిగ మంచిగుంటదా?" అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. ఇంకేదో అనబోతుంటే సార్ ఆటో దిగి లోపలికి వచ్చారు. గాజుపెట్టె దగ్గర ఆగిపోయారు. ముఖం పాలిపోయింది. అక్కను పనిలోంచి తీసేస్తారనే అనుకున్నాను. అక్కకూ అప్పుడే భయం పట్టింది. చేతిలో పళ్లెం దించకుండా అలాగే నిలబడింది.

"ఏమ్మా, కుంకుమ తడిపి పెట్టావా, పొడిదా?" అని అడిగారు సార్.

"తడిపే పెట్టిన సార్. పొడిది రాల్తది గద."

"ఎంతసేపైంది?"

"మస్తు సేపాయె. ఆరిపోయింది గూడ."

సార్ కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశారు. నేనూ చూశాను. బజారులో దొరికే ఆ రంగు కలిపిన కుంకుమ తడిగా చీరకు తగిలితే ఎంత పాకుతుందో ఇంట్లో అందరికీ తెలిసిందే. ఇక్కడ మాత్రం బొట్టు అంచు గీసినట్టు గుండ్రంగా ఉంది. ఒక్క పోగు వెంట కూడా ఎరుపు జారలేదు.

ఆయన ఏడుస్తున్నారని నాకు కాసేపటికి గానీ తెలియలేదు. ఆ కన్నీళ్లు చూశాక నా కోపం ఎటు పోయిందో పోయింది.

"పళ్లెం ఇటివ్వమ్మా," అన్నారు సార్. వేలు కుంకుమలో ముంచి, వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అక్క పెట్టిన బొట్టు పక్కనే ఇంకొకటి పెట్టారు. అది గుండ్రంగా రాలేదు, కొంచెం వంకరపోయింది. ఆరేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం.

అదీ పాకలేదు.