ఆది జాకెట్టు కుడి భుజం

యాస్మిన్‌కు మనుషులు ముఖాలకంటే వీపులతోనే ఎక్కువ గుర్తుండేవారు. ఎదురుపడితే తలెత్తి చూడటానికి సిగ్గు. దాటి వెళ్ళాక మాత్రం కిటికీ పరదా కాస్త తొలగించి, ఎవరి జాకెట్టు వీపున ముడత పడిందో, ఎవరిది చంక దగ్గర పట్టేసిందో చూస్తూ ఉండేది. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి జానీ బీకి జబ్బు చేసి, ఇంటి పని మీద పడి చదువు ఆగిపోయింది. తల్లి కోలుకుంది గానీ యాస్మిన్ మళ్ళీ బడికి పోలేదు.

2006 వేసవి దాటాక, కర్లపాలెంలో ఉండే, యాస్మిన్‌కు కుట్టు నేర్పిన జానీ బీ అక్క తన కుట్టుమిషనును రేపల్లె తెచ్చి వాళ్ళ ముందు గదిలో దించింది.

"ఉత్తినే ఇవ్వట్లేదే. క్రిస్మస్ అయ్యాక వస్తా. ఈలోపు మీ వీధివాళ్ళు కాకుండా బయటివాళ్ళెవరైనా రెండోసారి వచ్చారా, మిషను నీదే. లేదంటే పట్టుకెళ్ళి మా కోడలికిస్తా."

"రెండోసారే ఎందుకు ఖాలా?"

"మొదటిసారి జాలిపడి కూడా వస్తారు. రెండోసారి కుట్టు నచ్చితేనే వస్తారు."

గుమ్మానికి ఒక అట్ట వేలాడింది: జాకెట్లు కుట్టబడును, ఫాల్స్ వేయబడును. వీధిలో ఆడవాళ్ళు వచ్చారు. యాస్మిన్ ఎవరి ఒంటి మీదా టేపు పెట్టేది కాదు. తమకు సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకటి ఆదిగా ఇస్తే, దాన్ని పరిచి, ఆ కొలతకే కొత్త గుడ్డ కోసేది. మాట్లాడే పనే ఉండేది కాదు.

డిసెంబరులో స్వర్ణలత టీచరు గుమ్మం ఎక్కింది. ఆమె ఉండేది స్టేషనుకు అవతల. రోజూ ఈ వీధి మీదుగానే స్కూలుకు వెళ్ళేది. యాస్మిన్ వంక పెట్టలేకపోయిన వీపు ఊరు మొత్తం మీద ఆమెదొక్కటే. ఆమె జాకెట్లు తెనాలిలో కుట్టించుకుంటుందని అందరికీ తెలుసు.

"తెనాలి టైలరుగారికి చూపు ఆనక కొట్టు మూసేశారమ్మా. పండక్కి కట్టుకునే చీర మీదికి ఈ గుడ్డ. ఇదిగో ఆది. అచ్చం ఇలాగే రావాలి. ఏమీ మార్చకు."

"అలాగేనండి," అంది యాస్మిన్ నేలకేసి చూస్తూ.

ఆమె వెళ్ళగానే ఆది జాకెట్టు తిరగేసి అంచులన్నీ తడిమింది. కుడి భుజం కొంచెం మందంగా తగిలింది. ఎడమది మామూలుగానే ఉంది. పక్కన పెట్టేసి అన్నం తిందామని కూర్చుంది గానీ, మనసంతా ఆ మందం మీదే ఉంది. చెయ్యి కడుక్కుని వచ్చి, బ్లేడుతో లైనింగు కుట్టు కాస్త విప్పింది. లోపల పల్చటి మల్లు గుడ్డ, మడతల మీద మడతలుగా, అరచేతిలో ఇమిడేంత ముక్క.

జానీ బీ చూసి గుండె పట్టుకుంది. "నమ్మి ఇచ్చిన ఆదిని విప్పావా? మిగిలిన గుడ్డేదో లోపల ఉండిపోయింది. తీసి పారేసి మూసెయ్."

"నాలుగంచులా కుట్టేసి ఉంది అమ్మీ. మర్చిపోయిన గుడ్డకి ఎవరైనా కుట్లు వేస్తారా?"

"అయితే నువ్వూ ఒకటి పెట్టు. అచ్చం ఇలాగే అందిగా."

"ఇది ఉతికి ఉతికి అణిగిపోయింది. కొత్తలో ఎంత మందం ఉండేదో తెలిస్తేగా."

"అడిగితే విప్పావని తెలిసిపోద్ది. రెండోసారి ఈ గడప తొక్కదు. మిషను పోద్ది."

యాస్మిన్ ముక్కను మళ్ళీ లోపల పెట్టి కుట్టేసింది. మర్నాడు పరదా వెనక నిలబడి టీచరు రాకకోసం చూసింది. కొంగు వెనకనుంచి తిప్పి కుడి భుజం నిండా కప్పుకొని నడిచిపోయింది టీచరు. ఎప్పుడూ అంతే. అది పద్ధతి అనుకునేది యాస్మిన్. ఇప్పుడు కొంగు కింద ఏముందో చూడాలనిపించింది.

సాయంత్రం టేపు మడిచి సంచిలో వేసుకుని తానే బయల్దేరింది. టీచరు వరండాలో కాగితం నక్షత్రం వేలాడుతోంది.

"అప్పుడే అయిపోయిందా?"

"లేదండి. కుడి భుజంలో గుడ్డ... ఎంత మందం పెట్టాలో తెలియక..."

టీచరు కొంగు కుడి భుజం మీదికి ఇంకాస్త లాక్కుంది. "విప్పావన్నమాట. ఎవరికైనా చూపించావా?"

"అమ్మీ చూసిందండి."

"ఏమంది?"

"మిగిలిన గుడ్డేమో, పారెయ్యమంది."

టీచరు ఫక్కున నవ్వింది. తరవాత లేచి తలుపు దగ్గరికి వేసి, కొంగు తీసింది. కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగి ఉంది.

"చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డాను. ఎముక సరిగ్గా అతకలేదు. పేర్లు పెట్టడంలో స్కూలు పిల్లల్ని మించినవాళ్ళు లేరమ్మా. అందుకే తెనాలి దాకా పోయేదాన్ని. ఇక్కడ ఎవరికిచ్చినా తెల్లారేసరికి వీధంతా తెలుస్తుంది. నువ్వు ఎవరితోనూ మాట్లాడవని విని నీ దగ్గరికొచ్చా."

"ఇప్పుడు మాట్లాడానండి."

"అదీ చూశాగా. పెట్టు టేపు."

యాస్మిన్ టేపు పెట్టి కొలిచింది. మెడ దగ్గరనుంచి భుజం చివర దాకా ఒక పక్క, తరవాత రెండో పక్క. దిగిన భుజం మీద గుడ్డ మడతలు ఒక్కొక్కటే వేస్తూ, వెనక్కి జరిగి చూస్తూ, మళ్ళీ వేస్తూ పోయింది. ఆ పనిలో పడి, ఎదురుగా ఉన్నది టీచరన్న సంగతే మరిచిపోయింది. "చెయ్యి దించండి. అలా కదలకండి," అని గద్దించింది కూడా.

కుట్టడం అయ్యాక జాకెట్టు తానే పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చింది. క్రిస్మస్ పొద్దున పరదా పక్కనే నిలబడింది. కొత్త చీరలో టీచరు చర్చికి వెళుతోంది. వీపున ముడత లేదు. భుజాలు సమంగా ఉన్నాయి. కుడి భుజం మీద కొంగు లేదు.

పండగ వెళ్ళాక ఖాలా ఆటో మాట్లాడుకుని మరీ వచ్చింది.

"ఎవరైనా రెండోసారి వచ్చారా?"

జానీ బీ టీ పెట్టే వంకతో లోపలికి పోయింది. యాస్మిన్ తల దించుకుంది. ఖాలా మిషను మీది గుడ్డ తీసి మడుస్తుండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. స్వర్ణలత టీచరు రెండు జాకెట్టు ముక్కలు యాస్మిన్ చేతిలో పెట్టి, "తొందరేం లేదమ్మా," అని వెళ్ళిపోయింది.

ఖాలా ఆ వెళ్ళినావిడకేసి, చేతిలో ముక్కలకేసి మార్చి మార్చి చూసింది. "ఆది ఇవ్వలేదేంటే?"

"అక్కర్లేదు ఖాలా."

"ఆది లేకుండా కుట్టించుకునేంత నమ్మకమేంటి? ఆమెకేం చేశావే?"

యాస్మిన్ ఖాలా చేతిలోంచి గుడ్డ తీసుకుని మళ్ళీ మిషను మీద కప్పింది. ఖాలా అడ్డు చెప్పలేదు. ఆటో అతనికి ఏం చెప్పాలా అని వీధివైపు తిరిగింది. ఆమె వీపు కనబడగానే యాస్మిన్ టేపు తీసింది.

"నీ జాకెట్టు ఎడమ చంకలో పట్టేస్తోంది ఖాలా. అలా నిలబడు, ఒకసారి చూస్తా."