ఎక్కడ దించారన్న ప్రశ్న

రస్సెల్ ప్రౌడ్‌లాక్ ముప్ఫై ఏళ్ళ సర్కారు కొలువులో ఒక్క పని కూడా పూర్తి చేసిన పాపాన పోలేదు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో, టైన్ నది కనబడే నాలుగో అంతస్తులో కూర్చుని, చేపలు పట్టేవాళ్ళ లైసెన్సులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించేస్తానన్నాడు. అది సగంలో ఆగింది. కుక్కల నమోదన్నాడు, అదీ అంతే. పని ఆగినప్పుడల్లా ఆయనకి మాత్రం ఒక మెట్టు పైకి ఉద్యోగం వచ్చింది. పడవ ముంచినవాడికి ఇంకాస్త పెద్ద పడవ అప్పజెప్పడం ఆ దొరతనానికి అలవాటు. ఆ లెక్కన చివరికి చెత్త ఆయన చేతికొచ్చింది.

దేశంలో ఎవరు ఎక్కడ చెత్త ఎత్తారు, ఏ లారీలో వేశారు, ఎక్కడ దించారు, ఇదంతా కాగితాల మీంచి ఫోన్‌లోకి రావాలి. దొంగచాటుగా పొలాల్లో చెత్త కుమ్మరించి పోయేవాళ్ళ ఆట కట్టాలి. మంచి పనే, కాదనను. కాకపోతే రస్సెల్‌కి పని కంటే పని చేస్తున్నట్టు కనబడడం బాగా వచ్చు. రోజూ పొద్దున్నే జట్టునంతా గుండ్రంగా నిలబెట్టేవాడు. గోడ నిండా రంగురంగుల చీటీలు అంటింపజేసేవాడు. లారీవాళ్ళ మాటెత్తితే మాత్రం మూతి ముడిచి, వాళ్ళకి చదవడం వస్తే మనకీ తిప్పలెందుకు అనేవాడు.

ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. తాము చేసే సేవ ఎవరికోసమో ఆ మనుషుల్ని ముందు ఊహించుకుంటారు. వాళ్ళకో పేరు పెట్టి, ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అంటించి, గోడకి తగిలిస్తారు. అలా పుట్టిన రైతు పేరు మోయిరా. యాభై అయిదేళ్ళు, ఎర్ర స్వెట్టరు, రెండు కుక్కలు, పళ్ళన్నీ కనబడే నవ్వు. ఏ పేచీ వచ్చినా, దీనికి మోయిరా ఏమంటుందని ఒకళ్ళనొకళ్ళు అడిగేవారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు, గోడ మీది బొమ్మ మాట కోసం. మోయిరా ఎప్పుడూ రస్సెల్ అనుకున్నదే అనేది.

టైన్ చుట్టుపక్కల లారీవాళ్ళు కొందరితో ఈ ఫోన్ సేవని నడిపి చూశారు. అన్నీ బాగానే నింపుతున్నారు గానీ, ఎక్కడ దించారన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి సగం మంది వదిలేసి పోతున్నారు. మొదలుపెట్టిన వందమందిలో చివరిదాకా నింపినవాళ్ళెందరన్న అంకె పడిపోయింది. సేవ దేశమంతా నడవొచ్చో లేదో తేల్చడానికి లండన్ నుంచి వచ్చే పరీక్షాధికారులు ముందు చూసేది ఆ అంకెనే. అప్పుడు రస్సెల్‌కి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. ఆ ప్రశ్న కింద, తర్వాత చెప్తాను అని ఒక మీట పెట్టించాడు. అంకె ఆకాశాన్నంటింది. జట్టులో ఒకమ్మాయి, అయితే ఇక మనం దేన్ని కనిపెడుతున్నట్టని అడగబోతే, మోయిరాకి అంత తీరిక ఉండదమ్మా అని కూర్చోబెట్టాడు. ఆ మధ్యాహ్నం అందరూ చప్పట్లు కొట్టి నిమ్మకాయ కేకు కోసుకు తిన్నారు. చెత్త ఎక్కడికెళ్ళిందో చెప్పాల్సిన సేవ ఆ సంగతి అడగడమే మానుకుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉందని అక్కడ ఎవరికీ తోచలేదు.

రస్సెల్‌కి ఒక అక్క ఉంది, పేరు బెవర్లీ. హెక్సమ్ దాటాక కొండ మీద ఎస్టేటువాళ్ళ భూమి కౌలుకి తీసుకుని గొర్రెల్ని పెంచుతుంది. మొగుడు పోయాక కూడా ఒంటిచేత్తో నెట్టుకొస్తోంది. సెప్టెంబరులో ఒకరోజు లేచి చూసేసరికి వెనక గడ్డిభూమిలో ఇంటెత్తు చెత్తగుట్ట. విరిగిన గోడపలకలు, బళ్ళో పిల్లల బెంచీలు, వాటి కింద ఆస్‌బెస్టాస్ రేకులు. వాటి దుమ్ము ఊపిరితిత్తులకి విషమని ఆ రేకుల్ని ఆవిడ తన చేత్తో ముట్టుకోకూడదు. అక్కడి చట్టం ప్రకారం ఎవరి నేలలో పడితే వాళ్ళే ఎత్తించుకోవాలి, అంత స్తోమత ఆవిడకి లేదు. నవంబరులో కౌలు గడువు తీరేలోగా నేల శుభ్రం చెయ్యి, లేదా పోసినవాణ్ణి చూపించు, రెండూ కాకపోతే ఖాళీ చెయ్యమని ఎస్టేటు గుమాస్తా చెప్పేశాడు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. బెవర్లీ ఆ నమ్మకంతోనే బూట్లకి బురదతో తమ్ముడి ఆఫీసుకొచ్చింది.

"బెంచీల మీద బడి పేరుంది, రస్. బడివాళ్ళని అడిగితే లారీవాడి పేరు చెప్పారు. వాడు మీ సేవలోనే ఉన్నాట్ట. ఎక్కడ దించానని రాశాడో చూసి చెప్పు, చాలు."

రస్సెల్ తెర మీద వెతికాడు. బడి పేరుంది, లారీ నంబరుంది, ఎత్తిన వేళ ఉంది. దించిన చోటు దగ్గర, తర్వాత చెప్తాను అని ఉంది. లారీవాణ్ణి ఆవిడ అప్పటికే నిలదీసింది. సరైన చోటే దించాను, అక్కణ్ణించి ఎవరో ఎత్తుకెళ్ళి నీ పొలంలో పోసుంటారన్నాట్ట. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడ గడ్డికోసం అన్నట్టు.

"అది రాయకపోయినా మీ యంత్రం ఊరుకుంటుందా?" అంది బెవర్లీ.

"జనానికి ఇబ్బందిగా ఉందని సడలించాం, బెవ్. ఊరికే కాదు, పరిశోధన చేసి."

"రైతుల్ని ఎవర్నైనా అడిగారా?"

"రైతు ఉందిగా మా దగ్గర," అని రస్సెల్ గోడకేసి చెయ్యి చూపించాడు. వెటకారానికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు.

బెవర్లీ మోయిరాని కాసేపు పరకాయించి చూసింది. "ఈవిడ స్వెట్టరుకి ఒక్క గొర్రె బొచ్చు పోగు కూడా అంటుకోలేదే. పొలంలో చెత్త పోస్తే ఈవిడ ఎవరి దగ్గరికెళ్తుందిట?"

బెవర్లీ కుర్చీ దగ్గరికి జరుపుకుని, వచ్చిన పని విడమరిచి చెప్పింది. ఆ లారీవాడు దించిన చోటు చెప్పలేదు, మేమే అడగడం మానేశాం అని సర్కారువాళ్ళు రాసిస్తే చాలు. ఎస్టేటు లాయరు ఆవిణ్ణి వదిలేసి లారీవాడి మీద పడతానన్నాడు, కౌలు ఇంకో ఏడాది పొడిగిస్తామన్నారు. లండన్‌వాళ్ళు ఎలాగూ వస్తున్నారు కదా, వాళ్ళ ముందు ఆ ఒక్క మాట ఒప్పేసుకొమ్మంది. రస్సెల్ నీళ్ళు నమిలి, చూస్తానన్నాడు. టీ తాగి వెళ్ళమని కూడా అన్నాడు.

లండన్‌వాళ్ళు వచ్చారు. అంకె చూశారు, మురిసిపోయారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. అయినా వాళ్ళలో ఒకావిడ లేవబోతూ, మీ దృష్టికొచ్చిన లోపం ఏదైనా ఉందా అని అడిగింది. పుస్తకంలో ఉన్న ప్రశ్న, అందరినీ అడిగేదే. ఆ క్షణాన రస్సెల్‌కి అక్క గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. చిన్నప్పుడు స్కూలు నుంచి తడిసి వస్తే పొయ్యి దగ్గర కూర్చోబెట్టి సాక్సులు ఆరబెట్టిన మనిషి. కానీ ఒప్పుకుంటే పరీక్ష పోతుంది, పరీక్ష పోతే పై ఉద్యోగం పోతుంది. "అలాంటిదేమీ లేదండీ," అన్నాడు. సేవ నెగ్గింది. సాయంత్రం నది ఒడ్డు పబ్బులో జట్టంతా ఆయన ఆరోగ్యం కోరి గ్లాసులెత్తింది. ఆవిడ అడిగిన కాగితానికి పైవాళ్ళు ఒప్పుకోలేదని అక్కకి ఫోన్‌లో చెప్పాడు. పైవాళ్ళని ఆయన అడిగింది ఎప్పుడు? ఇలాంటి పిరికిముండావాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

నవంబరులో కౌలు పోయి, గొర్రెలు హెక్సమ్ సంతకి అమ్మకానికెళ్ళాయి. ఆ పొద్దున రస్సెల్ కొత్త కోటు వేసుకుని, చేతిలో బేకరీ పెట్టెతో సాయం చేద్దామని వచ్చాడు. బెవర్లీ చివరి మందని బండెక్కించి తలుపు గడియ వేస్తోంది. ఆయన పైవాళ్ళనీ, పద్ధతుల్నీ ఏకరువు పెడుతుంటే అడ్డుపడకుండా మొత్తం విన్నది.

"పోనీ నువ్వు లంచమైనా తినుంటే రస్, నాకు సుఖంగా ఉండేది," అంది. "దొంగవైతే పోలీసులకి పట్టించేదాన్ని. లారీవాణ్ణయితే తిడతాను, వాడి మీద ఉమ్ముతాను. నిన్ను ఏం చెయ్యాలో చెప్పు."

ఆవిడ తిట్టుగా అనలేదు. జవాబు కోసం నిలబడి చూసింది. బండివాడు హారన్ కొట్టాక, ఎక్కి సంతకి వెళ్ళిపోయింది.