వడ్ల కుప్ప సున్నా అయిన నాడు

కరీంనగర్‌లో మాకు లెక్కలు చెప్పిన సార్ పోయిన నెల కాలం చేశారు. వార్త విన్నప్పుడు ఏడుపు కంటే ముందు నాకు సిగ్గేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

చదువయ్యాక నన్ను కాలేజీ కంప్యూటర్ గదిలో టెంపరరీగా పెట్టించింది ఆయనే. గుమ్మం బయట చెప్పులు విడిచి, జేబులోని చాక్‌పీసు కిటికీలో పెట్టి గానీ లోపలికి వచ్చేవారు కాదు. మేమిద్దరం కలిసి ఒక ప్రోగ్రాం రాశాం. కాగితం మీద రాసినట్టే అక్షరాలతో సూత్రం ఇస్తే, అది దాన్ని సీ అనే కంప్యూటర్ భాషలోకి మార్చిపెట్టేది. ఇక కంపైల్ చేసి నడుపుకోవడమే. అడిగినవాళ్లందరికీ, మేం రాసిన ప్రతి వరుసా కనబడేట్టు, ఫ్లాపీలో కాపీ చేసి ఇచ్చేవారు. ఊరికే ఎందుకు సార్ అంటే, "నాకు ఎక్కాలు ఎవ్వలన్న అమ్మిండ్రా?" అనేవారు.

అందులో భిన్నాల పని నాది. ఒకనాడు హుజూరాబాద్ నుంచి ఒక లెక్చరర్ ఉత్తరం రాశారు. శంకువు సూత్రంతో వడ్ల కుప్ప ఎంతుందో లెక్క కట్టబోతే సున్నా వచ్చిందట.

"మన కంప్యూటర్ వడ్లన్ని బుక్కింది బిడ్డా!" అని సార్ కడుపుబ్బ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. సూత్రంలోని మూడింట ఒకటిని నేను 1/3 అని ఉన్నదున్నట్టు దింపాను. సీ భాషలో అలా రాస్తే దశాంశాలు రాలిపోయి సున్నా మిగులుతుంది. 1.0/3.0 అని రాయాలి. రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చే కంపైలర్ మాత్రం ఇలాంటి తప్పుకు కిక్కురుమనదు.

"సార్, గిది బయటపడితె నా నౌకరి పోతది. సప్పుడుకాకుండ దిద్దుదాం" అన్నాను.

"మన దగ్గర దిద్దుకుంటం. వాళ్ల దగ్గరున్నది ఎవ్వలు దిద్దాలె?"

ఆ సాయంత్రమే ఫ్లాపీ తీసుకున్న ప్రతివారికీ కార్డు రాశారు. ప్రతి కార్డులోనూ "తప్పు నాది" అనే ఉంది. నేను చిరునామాలు రాశాను, నోరు విప్పలేదు. ఆ నౌకరీయే తర్వాత పర్మనెంటయింది. స్టాఫ్ రూంలో ఆయన్ని మాత్రం చివరిదాకా "వడ్ల సార్" అని ఆటపట్టించారు.

పదో దినం నాడు వాళ్లింట్లో పాత లెక్చరర్ ఒకాయన ఆ కథే ఎత్తుకుంటే అందరూ నవ్వారు. నేనిక కూర్చోలేకపోయాను. సార్ భార్య దగ్గరికి పోయి, "అమ్మా, గా తప్పు సార్‌ది కాదు, నాది" అన్నాను.

"ఎరుకే బిడ్డా. ఆనాడే చెప్పిండు. 'పిల్ల ఎన్నడన్న తనే వచ్చి చెప్తది, నువ్వు అడుగకు' అన్నడు."

ఆమె చాప మీద కొంచెం పక్కకు జరిగి నాకు చోటిచ్చారు.