పదకొండో ఏటి ఒడిబియ్యం

మా నాయినకు డయాలసిస్ మంగళ, గురు, శనివారాల్లో ఉండేది. మిగతా నాలుగు రోజుల్లో మా కుటుంబం పుట్టినరోజులు చేసుకునేది, పెళ్లిళ్లకు వెళ్లేది, పోట్లాడుకునేది, రాజీపడేది. వారానికి ఏడు రోజులని బడిలో చెప్పారు కానీ, మాకు రెండేళ్లకు పైగా వారమంటే నాలుగు రోజులే.

నేను హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో టెస్టింగ్ పని చేస్తాను. ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతకడం నా ఉద్యోగం. సొంత తప్పులు వెతికినందుకు ఎవరూ జీతమివ్వరు కాబట్టి ఆ పని ఇన్నాళ్లూ వాయిదా వేశాను. వాయిదా వేయడంలో నాకు మంచి అనుభవం ఉంది. చెప్పబోయేది కూడా దాని గురించే.

అమ్మా నాయినా బోరబండలో రెండు గదుల సొంత ఇంట్లో ఉండేవాళ్లు. నేను మణికొండలో, అన్నా వదినా తెల్లాపూర్‌లో. శనివారాలు అన్న వంతు. మంగళ, గురువారాలు నేను తెల్లారేసరికి బోరబండ వెళ్లి, నాయినను కారులో ఎక్కించుకుని, మాదాపూర్‌లోని డయాలసిస్ సెంటర్‌లో దింపి, ఆఫీసుకు పోయి, పదకొండింటికి మళ్లీ వచ్చి తీసుకెళ్లేదాన్ని. ఆఫీసులో ఈ రాకపోకలకు ఎవరూ ఏమీ అనలేదు. నేనున్నా లేకపోయినా పని ఒకేలా సాగుతోందని వాళ్లు గమనించి ఉంటారు.

నాయిన కరెంటు లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మొదటిరోజు ఆ యంత్రం పక్కన పడుకుని, గొట్టాల్లో తిరుగుతున్న తన నెత్తురును చాలాసేపు చూసి, "ఇన్నేండ్లు నేను మంది ఇండ్లకు మీటర్లు పెట్టిన, ఇప్పుడు నాకు పెట్టిన్రు" అన్నాడు. నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం ఆ మీటరు వంకే చూస్తూ కూర్చుంది.

తాగడానికి రోజుకు ముప్పావు లీటరు నీళ్లే. అమ్మ పొటాషియం పోవాలని కూరగాయలను రెండుసార్లు ఉడికించి, రెండుసార్లూ నీళ్లు పారబోసి, చివరికి మిగిలినదాన్ని కూర అనేది. తనూ అదే తినేది. మేం వెళ్లినప్పుడు మాకు వేరే కూర చేస్తానంటే వద్దనేవాళ్లం, చేస్తే బాగుండునని లోలోపల అనుకుంటూ.

ఇంత నియమంలోనూ సరదాలు ఆపలేదు. నా ఫోన్ క్యాలెండర్‌లో డయాలసిస్ రోజులకు ఎర్రరంగు వేసి, ఖాళీల్లో పండుగలు దూర్చేదాన్ని. మా పాప ఏడో పుట్టినరోజు కార్తీకంలో గురువారం పడితే ఆదివారానికి జరిపాను. మూడు రోజులు ఆలస్యంగా పుట్టినట్టు మా పాప ఒప్పుకోవడానికి ఒక సైకిలు అడిగింది. ఆ రోజు నాయిన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తన నీళ్ల సీసా తనే పట్టుకుని వచ్చాడు. కేకు ముక్కను చూసి, నా వంక చూసి, పక్కనున్న పిల్లవాడికి ఇచ్చేశాడు.

ఇంకో ఆదివారం సాయంత్రం దుర్గం చెరువు తీగల వంతెన మీదికి తీసుకెళ్లాం. అందరూ దీపాలు చూస్తుంటే నాయిన ఆ దీపాలకు తీగ ఎక్కడినుంచి వచ్చిందో వెతికాడు. పాప చేతిలో బర్ఫ్ గోలా ఉంది. మనవరాలు చాటుగా తాత నోటికి అందించింది. నేను చూసి కసిరాను, ఆ మంచులో ఎంత నీరుంటుందో వివరించాను కూడా. ఆయన పెదవులు తుడుచుకుని, "ఆదివారం గూడ డ్యూటీయేనా బిడ్డా నీకు?" అన్నాడు. పాపకు మాత్రం కన్ను కొట్టాడు.

ఇలా అన్నిటికీ రోజు దొరికింది. ఒక్కదానికే దొరకలేదు, లేదా నేను దొరకనివ్వలేదు.

మా వైపు పెళ్లైన ఆడపిల్లను పుట్టింటికి పిలిచి ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవికె గుడ్డ. పీట మీద కూర్చున్న బిడ్డ కొంగు పడితే, మొదట తల్లి దోసిళ్లతో పోస్తుంది, తర్వాత మిగతా ముత్తైదువలు. బిడ్డ అవి అత్తింటికి తీసుకెళ్లి, వండి, నలుగురికి పెడుతుంది. బేసి సంవత్సరాల్లోనే పోస్తారు. నా పెళ్లై అప్పటికి పదకొండో ఏడు నడుస్తోంది. మాఘం వస్తే పన్నెండు పడుతుంది, అది సరి సంఖ్య, ఇక ఏడాది ఆగాలి. పోసే తల్లి పక్కన తండ్రి ఉండాలి. తండ్రి లేకపోతే తల్లి పోయదు. అన్నా వదినలు పోస్తారు, ఆమె పక్కకు తప్పుకుంటుంది.

అమ్మకు ఏం కావాలో ఇప్పుడు చదివేవాళ్లకు అర్థమైపోయి ఉంటుంది. మాకూ అప్పుడే అర్థమైంది. నాయిన ఉండగానే, తన చేతులతో, నా ఒళ్లో ఇంకొక్కసారి బియ్యం పోయాలి. దసరా వెళ్లినప్పటి నుంచి అడుగుతూనే ఉంది, కారణం చెప్పకుండా. మేం కారణం తెలియనట్టు నటిస్తూనే ఉన్నాం.

ఎందుకంటే తొందరపడితే ఒప్పుకున్నట్టే. పుట్టినరోజులూ వంతెనలూ ఆయన ఉంటాడన్న ధీమాతో చేసుకునేవి. ఇది మాత్రం ఆయన పోతాడని రాసిచ్చినట్టు. ఆయన ఎదురుగా కూర్చుని, నువ్వు ఉన్నప్పుడే కానిచ్చేస్తున్నాం అని ఎలా చెప్పడం? అందుకని నేను నా విద్య ప్రదర్శించాను. మంగళ, గురు, శని ఆస్పత్రి. శుక్రవారం ఆడపిల్ల పుట్టింటి నుంచి బయల్దేరకూడదు. సోమవారం ఆఫీసులో రిలీజ్. బుధవారం ఆ రిలీజ్‌లో తప్పులు. ఆదివారం ఎవరిదో ఒకరిది ఏదో ఒకటి. మార్గశిరంలో ఒక ఆదివారం అమ్మ గట్టిగా పట్టుబట్టి ఖాయం చేస్తే, ఆ రోజే మా అపార్ట్‌మెంట్ వార్షికోత్సవంలో పాప డాన్స్ ఉందని మార్పించాను. రెండు పాటల మధ్య ఐదు నిమిషాల డాన్స్. మా పాప వెనక వరుసలో చెట్టు వేషం వేసింది. చెట్టు కదలలేదు, నేనూ కదలలేదు.

అమ్మ ఫోన్‌లో "సరే బిడ్డా, నీ తీరిక చూసుకో" అంది. నాకు తీరిక లేదు, అమ్మకు ఆ కోరిక తీరలేదు. ఇలాంటి మాటలు కూర్చడానికి మాత్రం ఎప్పుడూ తీరికే నాకు.

తర్వాతి గురువారం డయాలసిస్ అయ్యాక నాయినను ఇంటికి తీసుకెళ్తున్నాను. చేతి మీద సూది గుచ్చిన చోట దూది ఒత్తిపట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోయాడనుకున్నాను. సిగ్నల్ దగ్గర ఆగగానే కళ్లు తెరవకుండానే అడిగాడు.

"మీ అమ్మను ఒడిబియ్యం ఎప్పుడు పొయ్యనిస్తవ్?"

"నువ్వు జర మంచిగైనంక జేద్దాం నాయినా. తొందరేమున్నది?"

"నేను మంచిగైతనని డాక్టర్ గూడ చెప్తలేడు. నువ్వెక్కడ సదివినవ్ డాక్టరీ?"

వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. సిగ్నల్ పచ్చబడి ఎంతసేపైందో నాకు తెలియదు. కారు ముందుకు పోనిచ్చాను. ఆయన నిదానంగా, మంచినీళ్ల పంపు గురించి మాట్లాడుతున్నట్టే చెప్పాడు.

"లైన్ బంద్ జేసేటప్పుడు మేం ముందుగాల చెప్తుంటిమి. పొద్దున పదింటికి కరెంటు పోతది, ట్యాంకులు నింపుకోండ్రి అని. మీరు చెప్పబట్టే పోయింది అని ఒక్కడన్న తిట్టిండా మమ్ముల?"

"అట్లనకు నాయినా."

"అన్నా అనకున్నా పదింటికి పోతది. మీరు నా మొఖం జూసి ఆపుతున్నరు. ఆమె గూడ నా మొఖం జూసే అడుగుతున్నది. నేను లేకుంటే ఆమె వంటింట్ల నిలవడుతది, నాకు తెల్వదా?"

ఆ రోజు మళ్లీ ఆఫీసుకు వెళ్లలేదు. నాయినను ఇంట్లో దింపాక అమ్మకు చెప్పాను, వచ్చే బుధవారం చేద్దామని. మార్గశిరంలో మిగిలిన మంచిరోజు అదొక్కటే. తర్వాత పుష్యం, పుష్యంలో శుభకార్యాలు చేయరు. అమ్మ నమ్మలేదు. నా ఫోన్ తెరిచి, బుధవారం మీద ఆకుపచ్చ రంగు వేసి చూపించాను. చదువురాని అమ్మ ఆ రంగును వేలితో ఒకసారి తాకి చూసింది. తెర జరిగిపోయి వేరే నెల వచ్చింది. నేను మళ్లీ వెనక్కి తెచ్చి చూపించాను.

ఆ ఐదు రోజులూ అమ్మ వేరే మనిషి. పక్కింటి నలుగురు ముత్తైదువలకు చెప్పొచ్చింది. సన్నబియ్యం తెప్పించి, చాట ముందేసుకుని, ఒక్క రాయి గానీ మెరిగె గానీ లేకుండా ఏరింది. నాయిన మంచం మీద కూర్చుని, రాయి ఉంది చూడు, అదిగో ఇంకోటి అని లేని రాళ్లు చూపించి ఆటపట్టించాడట. వదిన సోమవారం వెళ్లినప్పుడు ఇద్దరూ నవ్వుకుంటున్నారని ఫోన్ చేసి చెప్పింది. నాకు చీర కొనడానికి అమ్మ తనే అమీర్‌పేట దాకా ఆటోలో వెళ్లింది. చిలకపచ్చది. నాకు ఆ రంగు నప్పదు. చెప్పలేదు, జీవితంలో సమయానికి మూసుకున్న నోరు అదొక్కటే.

మంగళవారం డయాలసిస్ మూడో గంటలో నాయినకు బీపీ పడిపోయింది. నేను మీటింగ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. వెళ్లేసరికి పై అంతస్తులో ఐసీయూలోకి మార్చారు. బుధవారం పదింటికి, ముహూర్తం వేళకు, మేమంతా ఆ ఐసీయూ బయట ఇనుప కుర్చీల్లో వరుసగా కూర్చున్నాం. అమ్మ గోడగడియారం చూసింది. పది దాటింది. పదకొండూ దాటింది. పక్కింటివాళ్లకు రావద్దని చెప్పారా అని అన్నను అడిగిందంతే.

నాయిన తొమ్మిది రోజులు ఉన్నాడు. మధ్యలో రెండు రోజులు మాట్లాడాడు కూడా. నన్ను చూసి "అయిందా?" అని అడిగాడు. అయింది అని చెప్దామనుకున్నాను. అమ్మ పక్కనే ఉంది, తల అడ్డంగా ఊపింది. ఆయన ఆమె వంక చూసి, "పోనీ" అన్నాడు. పుష్యమాసం మొదట్లో పోయాడు. పుష్యంలో శుభానికి ముహూర్తాలుండవు, దీనికి ముహూర్తం అక్కర్లేదు.

పదోరోజు భోజనాల్లో నా విస్తట్లో అన్నం చాలా సన్నగా, ఒక్క రాయి లేకుండా ఉంది. వదినను అడిగితే తలొంచుకుంది. అమ్మే ఆ బియ్యం తీసి ఇచ్చిందట. వద్దు అత్తా అని వదిన అంటే, ఏరిన బియ్యమేగా, మళ్లీ ఎవరు ఏరుతారు అందట. నేను తిన్నాను. పక్కన చిన్నాన్నవాళ్లు ఇంకాస్త వడ్డించమన్నారు, బియ్యం ఎక్కడివో అడిగారు కూడా.

ఏడాది మైల గడిచింది. నాకు పదమూడో ఏడు వచ్చింది. అమ్మ అప్పటికి తెల్లాపూర్‌లో అన్న దగ్గరే ఉంటోంది. ఆదివారం ఒడిబియ్యం పోస్తామని వదిన ఫోన్ చేసింది. క్యాలెండర్ చూసుకున్నాను. ఏ రోజుకూ ఎర్రరంగు లేదు. ఏడు రోజులూ మావే.

ముందురోజు అమ్మతో ఫోన్‌లో పోట్లాడాను. నువ్వే పొయ్యాలి, ఈ కాలంలో ఇవన్నీ ఎవరు చూస్తారు అన్నాను. "ఎవరో చూస్తరని గాదు బిడ్డా" అంది అమ్మ. "నీ పసుపు కుంకుమల నా చెయ్యి పెట్టబుద్ధైతలేదు." ఆఫీసులో గంటలకొద్దీ వాదించే నేను, పాప పిలుస్తోందని ఫోన్ పెట్టేశాను. పాప స్నేహితురాలింటికి వెళ్లింది.

ఆదివారం నేనూ మా ఆయనా పీటల మీద కూర్చున్నాం. వదినది కర్నూలు వైపు. పళ్లెం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వెళ్లి పిలిచింది. "అత్తా, ఒక్క దోసిలి మీరు పోయండి. మా పక్క ఇంత పట్టింపు ల్యాదు." లోపలి నుంచి అమ్మ, పప్పు మాడుతుందని బదులిచ్చింది. పప్పు అప్పటికే దించి ఉంది. వదిన వెనక్కి వచ్చి, నా కొంగులో మొదటి దోసిలి తనే పోసింది. తను ఏడుస్తూ పోస్తుంటే బియ్యం కొన్ని కింద పడ్డాయి. అన్న వాటిని ఒక్కొక్కటే ఏరి పళ్లెంలో వేశాడు.

వెళ్లే ముందు బిడ్డ తన ఒడిలోంచి ఐదు పిడికిళ్లు పుట్టింట్లో వదలాలి. పుట్టిల్లు ఖాళీ కాకూడదని. దేవుడి ముందు పోయమని పళ్లెం పెట్టారు. నేను కొంగు పట్టుకుని వంటింట్లోకి నడిచాను.

అమ్మ గ్యాస్ గట్టు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, ఇక్కడికెందుకొచ్చావు, దేవుడి దగ్గరికి పో అన్నట్టు చెయ్యి ఊపింది. పొయ్యడానికి నీకు అడ్డముంది, పట్టడానికి ఏముందని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. అలాంటి నియమం ఆమెకు గుర్తురాలేదు. తడిచేతులు చీరకు తుడుచుకుని కొంగు పట్టింది.

ఒక్కో పిడికిలీ పోశాను. ఎన్ని పోశానో చూసుకోలేదు, మళ్లీ ఒడిలో చెయ్యి పెట్టాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది. "ఐదైనయి బిడ్డా" అంది. "ఆరైతే సరి అయితది."

పట్టుకున్న చెయ్యి వెంటనే వదల్లేదు.