మూడు నిమిషాల క్లారినెట్

మాదాపూర్‌లో మా ఆఫీసు చుట్టూ అప్పటికింకా బండరాళ్లే ఎక్కువ. రెండువేల సంవత్సరం వస్తే తారీఖులు తప్పుతాయని పాత ప్రోగ్రాములు సరిచేసే పని మాది. నా పక్క సీటాయన మా అందరికంటే పెద్దవారు, సికింద్రాబాద్ మనిషి. వాళ్ల నాన్న క్లబ్బు బ్యాండులో డ్రమ్ములు వాయించేవారట. ఆయన కొనిపెట్టిన, పాత అమెరికన్ బ్యాండ్ల స్వింగ్ జాజ్ రికార్డులు ఇల్లు మారేటప్పుడు పగిలిపోయాయి. అంతకుముందే ఈయన వాటిని ఒక క్యాసెట్‌లోకి ఎక్కించుకున్నారు. మిగిలింది ఆ క్యాసెట్టే.

దాన్ని నా చేతిలో పెట్టి, సోమవారం తెచ్చెయ్యమన్నారు. "మొదటి పాటలో క్లారినెట్ విను బాబూ. అది పట్టుబడ్డాక, కింద మంద్రంగా నడిచే బేస్ విను."

వారమంతా బస్సులో వాక్‌మన్ పెట్టుకుని విన్నాను. నిజం చెప్పొద్దూ, మొదట్లో పెళ్లి బ్యాండుకీ దీనికీ తేడా తెలియలేదు. పదిహేనుమంది ఒక్కసారే ఊదేస్తుంటే ఎవర్నని పట్టుకోవడం? మూడో రోజుకి క్లారినెట్ దొరికింది. ట్రంపెట్లన్నీ కలిసి గట్టిగా ఒక మాట అంటాయి, అది సన్నగా ఎదురు చెప్తుంది, అచ్చం మా చిన్న చెల్లెలే. ఇక ఆ మూడు నిమిషాల పాటే మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పుకుని విన్నాను. బేస్ సంగతి తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

తిరిగి ఇవ్వబుద్ధి కాలేదు. కాపీ చేసుకుందామని ఆదివారం మధ్యాహ్నం కొండాపూర్‌లో మా ఇంటి ఓనర్ని అడిగి రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డర్ తెచ్చుకున్నాను.

"తమ్మీ, గీ మిషన్‌ల రికార్డయ్యేది ఎడమ దిక్కు. జర చూస్కో," అన్నాడాయన.

"నాకు తెల్వదా అన్నా, నేను చేసేదే మిషన్ల పని," అన్నాను. పొగరు, ఇంకేం కాదు.

స్పీడుగా కాపీ చేస్తే పాట కీచుకీచుమంటుంది. అందుకని సౌండు పూర్తిగా తగ్గించి, అలవాటు కొద్దీ పాత క్యాసెట్ ఎడమవైపు, కొత్త ఖాళీది కుడివైపు పెట్టి, బట్టలు ఆరేయడానికి వెళ్లాను. రెండో చొక్కా దులుపుతుండగా ఓనర్ మాట గుర్తొచ్చింది. పరుగెత్తుకెళ్లి ఆపేశాను. పాత క్యాసెట్ వెనక్కి తిప్పి ప్లే నొక్కాను. సుయ్‌మని ఉత్త గాలి చప్పుడు. ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని కూర్చున్నాను. వచ్చింది రెండో పాట.

క్యాసెట్ వెనక రెండు ప్లాస్టిక్ చెవులుంటాయి. అవి విరిచేస్తే దానిమీద ఇంకేదీ రికార్డవదు. మన ఇళ్లలో ఎవరు విరుస్తారు? రేపు వేరే పాటలు ఎక్కించుకోవడానికి పనికిరావద్దూ! మా పక్క సీటాయనా విరవలేదు. ఆ క్షణాన నాకు ఆయన మీదే కోపం వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సోమవారం బస్సులో అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. టేపు పాతది కదండీ, దానంతటదే పోయింది. మీరిచ్చినప్పుడే ఇలా ఉందండీ. ఒక్కొక్కటీ లోపల చెప్పి చూసుకుంటుంటే స్టాపు వచ్చేసింది.

సీట్లో కూర్చోకముందే ఆయన చెయ్యి చాపారు. "దొరికిందా క్లారినెట్?"

క్యాసెట్ ఆయన చేతిలో పెట్టాను. "మొదటి పాట చెరిపేశానండీ. నేనే."

ఆయన క్యాసెట్ అటూ ఇటూ తిప్పి చూశారు. తిట్టినా బాగుండును. తలెత్తారు.

"నీకెంత గుర్తుంది? పాడు."

అంతమంది మధ్య, చెవులు కాలిపోతుంటే, ఆ క్లారినెట్ మొదట్నుంచి చివరిదాకా కూనిరాగం తీశాను. ఆయన కళ్లు మూసుకుని బల్లమీద రెండు వేళ్లతో తాళం వేశారు. తాళం ఎక్కడా ఆగలేదు. అమ్మయ్య, క్షమించేశారనుకున్నాను.

"ఇప్పుడు కింద బేస్," అన్నారు.

"అది వినలేదండీ."

ఆయన వేళ్లు ఆగిపోయాయి.

"నాకూ గుర్తులేదు బాబూ," అన్నారు. "అందుకే కదా టేపు చేసుకుంది."